పాతకాలం చాకు రెండు వేలలో వస్తుందా?

పనిముట్ల ముచ్చట: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. జేబులో పెట్టుకోవడానికి ఒక చిన్న చాకు కావాలి. జామకాయ కోసుకోవాలి, పెన్సిల్ చెక్కుకోవాలి, పార్సిల్ తాడు తెంపాలి, అంతే. ప్లాస్టిక్ పిడి చాకులు నాకు నచ్చవు. పాత పద్ధతిలో చేసినది, కాస్త చరిత్ర ఉన్నది అయితే బాగుంటుందని కోరిక. ఆన్‌లైన్‌లో వెతికితే ‘రాజుల కాలం బాకు’, ‘అసలైన డమాస్కస్’ అంటూ వందల్లోంచి వేలదాకా బొమ్మలు కనిపిస్తున్నాయి. ఏది నమ్మాలో తెలియడం లేదు. నా బడ్జెట్ రెండు వేలు, మహా అయితే రెండున్నర. మా మేనల్లుడు ఒసాకాలో ఉద్యోగం చేస్తున్నాడు, సంక్రాంతికి వస్తాడు. అక్కడి నుంచి ఏదైనా తెప్పించుకోవచ్చా?
– ఒక ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: మాస్టారూ, ముందు ఆ ‘రాజుల కాలం బాకు’ జోలికి వెళ్లకండి. రాజుల బాకు ఆ రోజుల్లోనే చవక కాదు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో నూర్జహాన్ పళ్లు కోసుకున్న చాకు ఉంది. ఈసారి వెళ్లినప్పుడు చూడండి, పిడి మీద రత్నాలు పొదిగి ఉంటాయి. ఆమె కోసుకున్నదీ పళ్లే, మీరు కోసేదీ పళ్లే. కాని అలాంటి దానికి వెయ్యి రూపాయల్లో నకలు చేయాలంటే రత్నాల బదులు రంగు గాజు, ఉక్కు బదులు రేకు పెట్టాలి. అది షోకేసులో పెట్టుకోవడానికే పనికొస్తుంది.

మామూలు మనిషి చాకు సంగతి వేరు. రైతు, పశువుల కాపరి, బడిపిల్లాడు జేబులో పెట్టుకున్న చాకు ఏ దేశంలోనైనా చవకగానే పుట్టింది. వాటిలో కొన్నింటిని వంద, నూట ముప్ఫై ఏళ్లుగా పెద్దగా మార్చకుండా ఇప్పటికీ చేస్తున్నారు. మీ బడ్జెట్‌లో చరిత్ర కావాలంటే అటువైపు చూడండి. పాతదిలా ‘కనిపించేది’ వద్దు, పాత పద్ధతిలోనే ఇంకా తయారవుతున్నది కొనండి.

మేనల్లుడు ఒసాకాలో ఉన్నాడన్నారు, ఇంకేం కావాలి? హిగోనోకామి అనే మడత చాకు తెమ్మనండి. ఒసాకాకు కాస్త దూరంలో, కోబె పక్కన, హ్యోగో రాష్ట్రంలో మికి అనే ఊరుంది. రంపాలు, ఉలులు, చిత్రికలకు పేరున్న ఊరది. 1890లలో అక్కడ పుట్టిన చాకు ఇది. అంతకుముందు 1876లో జపాన్ ప్రభుత్వం కత్తి కట్టుకుని తిరగడాన్ని నిషేధించింది. కత్తులు చేసే చేతులు చాలావరకు పనిముట్ల వైపు మళ్లిన రోజులవి.

చాకు నిర్మాణం చూస్తే మీకు నవ్వొస్తుంది. ఒక ఇత్తడి రేకును మధ్యకు మడిచారు, అదే పిడి. అందులో ఒక బ్లేడు, ఒక రివెట్. బ్లేడు వెనక చిన్న తోకలాంటి మీట బయటకు పొడుచుకు వస్తుంది, దాన్ని బొటనవేలితో నొక్కితే బ్లేడు తెరుచుకుంటుంది. స్ప్రింగు లేదు, లాకు లేదు. కోసేటప్పుడు ఆ మీట మీద బొటనవేలు ఉంచితేనే బ్లేడు నిలబడుతుంది. వేలు తీసి చాకు మొనతో పొడిచే పని చేస్తే అది మడత పడి మీ వేళ్ల మీదికే వస్తుంది. అందుకే దీన్ని కోయడానికి, చెక్కడానికి మాత్రమే వాడాలి.

జపాన్‌లో ఒకప్పుడు బడిపిల్లల జేబుల్లో ఇదే ఉండేది, పెన్సిళ్లు దీంతోనే చెక్కేవారు. 1960లో సోషలిస్టు నాయకుడు అసనుమా ఇనెజిరోను వేదిక మీదే ఒక కుర్రాడు పొట్టి ఖడ్గంతో పొడిచి చంపాడు. ఆ తర్వాత పిల్లల చేతుల్లో చాకులు ఉండకూడదని దేశమంతా ఉద్యమం నడిచింది. హత్యకు వాడింది హిగోనోకామి కాదు, దెబ్బ తిన్నది మాత్రం అదే. చేసేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు. ఇప్పుడు ఆ పేరు ట్రేడ్‌మార్క్‌గా మికిలోని నాగావో కుటుంబం కొలిమి దగ్గర ఉంది. సోషల్ మాస్టారు కాబట్టి ఇంత చెప్పాను, క్లాసులో పనికొస్తుంది.

కొనేటప్పుడు మేనల్లుడు చూడాల్సింది ఉక్కు రకం. రెండు ముఖ్యమైన రకాలు ఉంటాయి. ఒకటి బ్లేడు అంతా ఒకే కార్బన్ ఉక్కు, చవక. రెండోది మధ్యలో ‘నీలికాగితం’ అనే పేరున్న గట్టి జపాన్ ఉక్కు, దానికి అటూ ఇటూ మెత్తటి ఇనుము, అంటే మూడు పొరలు. దీనికి కాస్త ఎక్కువ పెట్టాలి. మూడు పొరలదే తీసుకోండి. నేను నలభై ఏళ్లు టూల్‌రూమ్‌లో హీట్ ట్రీట్‌మెంట్, అంటే ఉక్కును కాల్చి చల్లార్చి గట్టిపరిచే పని, చూసినవాణ్ని. గట్టి ఉక్కును మెత్తటి ఇనుము మధ్యలో పెట్టడం ఎంత తెలివైన పనో నాకు తెలుసు. అంచు గట్టిగా ఉంటుంది, బ్లేడు మాత్రం పుటుక్కున విరగదు, సాన పట్టడమూ సులువు. ఇత్తడి పిడి మీద నగిషీలు, రంగులు ఉన్నవీ దొరుకుతాయి. వాటికి పెట్టే డబ్బుతో ఒక మంచి సానరాయి వస్తుంది.

మేనల్లుడికి ఇంకో మాట చెప్పండి. జపాన్‌లో సరైన కారణం లేకుండా ఆరు సెంటీమీటర్ల కంటే పొడవు బ్లేడు వెంట పెట్టుకు తిరిగితే నేరం. కొన్న పెట్టెలోంచి తీయకుండా సూట్‌కేసులో సర్దుకోమనండి. విమానంలో చేతి సంచిలో పెడితే అక్కడే పారేయిస్తారు, చెక్-ఇన్ సామానులోనే రావాలి.

జపాన్ నుంచి కుదరకపోతే ఒపినెల్ ఉంది. ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండల మధ్య సవాయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ అనే ఆయన 1890లో మొదలుపెట్టాడు. 1897 కల్లా ఒకటి నుంచి పన్నెండు దాకా సైజులకు నంబర్లు ఇచ్చాడు. గుండ్రటి చెక్క పిడి, సన్నటి బ్లేడు. హిగోనోకామికి లేని సదుపాయం దీనికి ఒకటుంది: మెడ దగ్గర తిప్పే ఉంగరం. దాన్ని తిప్పితే బ్లేడు బిగుసుకుంటుంది. ఆ ఉంగరం 1955లో చేరింది, అంతకుముందు ఇదీ వేలు జాగ్రత్తగా పెట్టుకోవాల్సిన చాకే. జామకాయకు ఆరో నంబరు, బ్లేడు ఏడు సెంటీమీటర్లు, చాలు. ఎనిమిదో నంబరు అందరూ కొనేది. మీ బడ్జెట్‌లో వచ్చే అవకాశం ఉంది, కాని దిగుమతి సరుకు కాబట్టి ధర ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. మన వానాకాలంలో చెక్క ఉబ్బి చాకు తెరుచుకోక మొరాయిస్తుంది. నాలుగు రోజులు ఆరితే మళ్లీ మామూలే.

నేపాల్ వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే కుక్రీ, అంటే గూర్ఖాల వంకర కత్తి, తెమ్మని చెప్పకండి. అది అడవిలో కొమ్మలు నరకడానికి, జామకాయకు కాదు. కాని కుక్రీ ఒరలో వెనకవైపు రెండు బుల్లి పనిముట్లు దోపి ఉంటాయి, చాలామంది వాటిని చూడనే చూడరు. ఒకటి చక్మక్, అంచు సరిచేసుకోవడానికి, చెకుముకి రాయి మీద కొట్టి నిప్పు పుట్టించడానికి. రెండోది కర్దా, అదే చిన్న చాకు. గూర్ఖా సైనికుడు రోజువారీ చిన్న పనులు చేసుకున్నది దాంతోనే. మీరు అడుగుతున్న వస్తువుకు ఇంతకంటే దగ్గరి చుట్టం లేదు. దుకాణాల్లో పేరుకు పెట్టే కర్దాలు చాలాసార్లు పదును పట్టని ఇనుము ముక్కలు, అది మాత్రం చూసుకోవాలి.

కొడగు వాళ్ల బాకు, పీచెకత్తి గురించి కూడా అడిగేవాళ్లున్నారు. అందంగా ఉంటుంది, ఒర మీద వెండిపని, గొలుసు. నడుముకు ముందువైపు దట్టిలో దోపుకుంటారు. అక్కడ మీరు డబ్బు పెట్టేది వెండికి. మన హైదరాబాద్ బార్కస్‌లో యెమెన్ మూలాలున్న కుటుంబాల పెళ్లిళ్లలో మర్ఫా వాద్యం మోగుతుంటే జంబియా అనే వంకర బాకు పట్టుకుని ఆడతారు. అది వాళ్ల ఇంటి గౌరవం. బజార్లో కొని జేబులో వేసుకునే వస్తువు కాదు.

ఇక ‘డమాస్కస్’. దీని మీద నాకు కోపం ఉంది, కాస్త ఓర్చుకోండి. పాతకాలంలో డమాస్కస్ కత్తి అని లోకమంతా చెప్పుకున్న ఆ ఉక్కులో మంచి భాగం మన దగ్గర పుట్టింది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఇనుము కరిగించి ఉక్కు దిమ్మలు తీసేవారు. పర్షియా వర్తకులు అక్కడికే వచ్చి కొనుక్కుపోయేవారు. 1820లలో హెన్రీ వాయ్సీ అనే ఇంగ్లీషు ఆయన చూసి రాసిపెట్టాడు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఇనుప చిట్టెం కుప్పలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ ఉక్కులో కార్బన్ ఎక్కువ, నూటికి ఒకటిన్నర పాళ్ల దాకా. దిమ్మ నెమ్మదిగా చల్లారి, తక్కువ వేడిలో సాగగొట్టినప్పుడు కార్బైడ్, అంటే ఇనుము, కార్బన్ కలిసిన గట్టి కణాలు, వరుసలు కట్టి ఆ నీటి అలల్లాంటి గీతలు లోపలి నుంచే వస్తాయి. ఇప్పుడు అమ్మేవి అవి కావు. రెండు రకాల ఉక్కు రేకుల్ని పేర్చి, అతికి, మడిచి, యాసిడ్‌లో ముంచి గీతలు తేల్చినవి. అదీ మంచి పనే, చేయి తిరిగినవాడు చేస్తే. వెయ్యి రూపాయలకు వచ్చేవాటిలో చాలావరకు అది కూడా కాదు, మామూలు స్టీలు మీద డిజైన్ అచ్చు వేస్తారు. తెలుసుకోవడం తేలిక. బ్లేడు వీపు చూడండి. పొరలు నిజమైతే గీతలు వీపు మీదుగా అవతలి వైపుకు దాటి పోతాయి. అచ్చు అయితే వీపు నున్నగా ఉంటుంది. సన్నటి ఎమరీ కాగితంతో ఒక మూల రుద్దితే నకిలీ గీత పోయి మళ్లీ రాదు. నిజమైనది రుద్దినా, లోహాన్ని కొరికే ఫెరిక్ క్లోరైడ్ ద్రావణం రాస్తే మళ్లీ తేలుతుంది.

చివరి దారి, నాకు అన్నిటికంటే ఇష్టమైనది: మీ ఊరి కమ్మరి దగ్గర చేయించుకోండి. మీ ఖమ్మం చుట్టుపక్కల కొలిమి వెలుగుతున్న ఊళ్లు ఇంకా ఉంటాయి, విచారించండి. నమూనాగా ఏది చూపించాలో కూడా చెబుతాను. తాటాకు గ్రంథాలు రాసే కాలంలో దక్షిణాదిన గంటం, చిన్న చాకు ఒకే పిడిలో మడత పడేలా చేసేవారు. చాకుతో ఆకు అంచులు కత్తిరించి, గంటంతో రాసేవారు. మ్యూజియాల్లో అలాంటివి ఉంటాయి. మడత పని అందరికీ రాదు కాబట్టి ఆ బ్లేడు ఆకారం మాత్రం తీసుకుని నిలువు చాకుగా చేయించండి. వీపు తిన్నగా, బ్లేడు మూడంగుళాలు, వీపు దగ్గర రెండు మిల్లీమీటర్ల మందం. అంతకంటే మందంగా ఉంటే జామకాయ కోయదు, చీలుస్తుంది.

కమ్మరి సాధారణంగా లారీ కమాన్ పట్టీ తీస్తాడు. కొడవలికి, గొడ్డలికి అది బంగారం. ఇంత చిన్న చాకుకు దాన్ని అంత పలచగా సాగగొట్టడం శ్రమ, చేస్తానంటే చేయనివ్వండి. లేదంటే మీరే ఒక పాత ఆకురాయి పట్టుకెళ్లండి. మంచి కంపెనీ ఆకురాయిలో కార్బన్ నూటికి ఒకటికి పైనే ఉంటుంది. గ్రైండర్‌కు ఆనిస్తే నిప్పురవ్వలు చివర పూలు పూసినట్టు దట్టంగా చిట్లాలి. చిట్లకపోతే అది పైపైన గట్టిచేసిన మెత్తటి ఇనుము, వద్దు.

ఆకురాయిని ఎర్రగా కాల్చి, బూడిదలో పూడ్చి రాత్రంతా వదిలేస్తే మెత్తబడుతుంది. అప్పుడు పళ్లన్నీ పూర్తిగా అరగదీయాలి, ఒక్క పన్ను గీత మిగిలినా రేపు పగులు అక్కడే మొదలవుతుంది. ఆకారం వచ్చాక మళ్లీ కాల్చాలి. ఎంత ఎరుపు అన్నది కంటికి వదలకుండా ఒక అయస్కాంతం దగ్గర పెట్టుకోండి. బ్లేడుకు అది అంటుకోవడం మానేసిన తర్వాత ఇంకొంచెం వేడి చేసి, గోరువెచ్చటి పల్లీనూనెలో ముంచాలి. నీళ్లలో కాదు! కమ్మరికి మనం చెప్పడమేమిటని మొహమాట పడకండి. ఆయన చేతిలో రోజూ ఆడేది కమాన్ పట్టీ, ఆకురాయి ఉక్కు నీళ్లలో పడితే ‘టిక్’ మని చప్పుడు వస్తుంది, చాకు పని అయిపోతుంది. మా నాన్న కొలిమిలో ఆ చప్పుడు వినపడితే ఇంట్లో అమ్మ కూడా ‘పోయిందా?’ అని అడిగేది.

నూనెలోంచి తీసిన బ్లేడు గాజులా పెళుసుగా ఉంటుంది. దాన్ని అలాగే పిడికి ఎక్కించకండి. ఇంటికి తెచ్చి కేకులు చేసే ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర ఒక గంట, చల్లారాక ఇంకో గంట పెట్టండి. బ్లేడును ముందుగా మెరిసేలా రుద్ది పెడితే లేత గడ్డి రంగుకు తిరగడం కనిపిస్తుంది. ఆ రంగు దాటి గోధుమ, ఊదా, నీలం వైపు పోతే అంచు మెత్తబడినట్టే. పిడికి తుమ్మకర్ర. బ్లేడు తోకకు రంధ్రం తొలిచి లక్క పోసి దింపి, ముందు భాగానికి ఇత్తడి పొన్ను బిగించమనండి. తోక పిడిలో కనీసం సగం దాకా పోవాలి. మజూరీ దగ్గర బేరమాడకండి. ఆయన పూట పని మానుకుని చేస్తాడు, అయినా మీ రెండు వేలలో ఇంకా మిగులుతుంది.

చట్టం సంగతి కూడా. ఆయుధాల చట్టం కింద నిబంధనల్లో బాకులు, ఖడ్గాల్లాంటివి పేరు పెట్టి చెప్పారు. ఇతర పదునైన వాటికి బ్లేడు తొమ్మిది అంగుళాల పొడవు లేదా రెండు అంగుళాల వెడల్పు దాటితే ఆయుధం కింద చూస్తారు, ఇంటిపని, పొలంపని పనిముట్లు మినహాయింపు. మీ మూడంగుళాల ఒంటి అంచు చాకు ఆ లెక్కలోకి రాదు. అయినా బడికి తీసుకెళ్లకండి మాస్టారూ, పిల్లలు అడుగుతారు, చూపించకుండా ఉండలేరు.

ప్రశ్న: మా అత్తగారి పాత చాకు ఇనుముది. పచ్చి మామిడికాయ కోస్తే బ్లేడు నల్లబడింది, ముక్కలకూ కాస్త నలుపు అంటింది. విషమేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్. పారేయమంటున్నారు.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: పారేయకండి అమ్మా. కార్బన్ ఉక్కు మీద పులుపు పడితే నల్లబడుతుంది, విషమేమీ కాదు. ఆ నలుపు పొరలా పరుచుకున్నాక తుప్పు త్వరగా పట్టదు కూడా. ఎర్రగా, గరుగ్గా ఉంటే అది తుప్పు. దాన్ని కొబ్బరిపీచుతో ఇటుక పొడి పెట్టి రుద్దితే పోతుంది. మీది సముద్రపు గాలి ఊరు కాబట్టి కోసిన వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, వేలి కొసన కొబ్బరినూనె తీసుకుని బ్లేడుకు రాయండి. సింకులో నానబెట్టొద్దు. ఊరగాయకు మాత్రం స్టీలు కత్తిపీట వాడుకోండి, నలుపు ముక్కల మీద చూడడానికి బాగోదు.

ప్రశ్న: మా కాలేజీ నాటకంలో బొబ్బిలి యుద్ధం వేస్తున్నాం. తాండ్ర పాపారాయుడు గుడారంలో విజయరామరాజును పొడిచే సన్నివేశానికి అసలైన బాకు అద్దెకు తేవాలా, చవకగా కొనాలా?
– నాటక బృందం, విజయనగరం

జవాబు: రెండూ వద్దు. 1757లో జరిగిన దానికి 2,000 వాట్ల లైటు కింద నిజం బాకు ఎందుకు? పదును లేదని చెప్పి తెచ్చినదైనా మొన ఉంటుంది, కుర్రాడు ఆవేశంలో ఉంటాడు. మూడు మిల్లీమీటర్ల అల్యూమినియం పట్టీ కొని ఆకారం కోయించండి. అంచులు, మొన బాగా గుండ్రంగా అరగదీసి ఎమరీతో రుద్దితే మూడో వరసలోంచి ఉక్కులాగే మెరుస్తుంది. పిడి చెక్కతో చేసి ఎర్రటి వెల్వెట్ చుట్టండి. పొడిచేటప్పుడు ప్రేక్షకులకు అవతలి వైపు, చంకకు ఎడంగా పోవాలి, రిహార్సల్ అంతా అదే బాకుతో చేయాలి. నాటకం రోజున కొత్తది చేతికి ఇవ్వకండి.